పురికొస కొలత

పోయిన వారం మనం ఆర్విడ్ కెట్టునెన్‌ని అతని గేటు దగ్గరే నిలబెట్టి వదిలేశాం. మార్చి నెల. రోడ్డుకి రెండు పక్కలా మనిషెత్తు మంచుగోడలు. ఆ గోడల మధ్య, సరిగ్గా అతని గేటు ముందు, ఆకుపచ్చ స్టేషన్ వాగన్ ఒకటి కీచుమని అరిచి, ఆవిరి కక్కి, ఆగిపోయింది. స్టీరింగు దగ్గర మరదలు వెర్నా. పక్క సీట్లో తమ్ముడు వెస్లీ. అన్న మొహం చూడనని ఒట్టేసుకుని, రెండు చలికాలాలుగా ఆ ఒట్టు మీదే బతుకుతున్న తమ్ముడు.

ఒట్టుకి కారణం కూడా ఈ కారే. అప్పటి మంచుతుఫానులో లాన్స్ ఊరి దారిలో దీని బెల్టు తెగింది. బెల్టు తెగితే బ్యాటరీ నిండదు, నీళ్ళ పంపు తిరగదు, ఇంజను ఉడికిపోతుంది. వెస్లీ దిగి నడిచాడు. ఆ నడకలో ఎడమకాలి వేళ్ళు మంచుకి గడ్డకట్టి పోయాయి, వాటి వెనకే రంపపు మిల్లులో ఉద్యోగం పోయింది. ఆస్పత్రి మంచం మీద అతనన్నది ఒక్కటే మాట: "బెల్టు మా అన్న వేశాడు."

ఆ ఒక్క మాట చాలింది. ఊళ్ళో మనిషిని ఉరితియ్యడానికి తాడు అక్కర్లేదు, నలుగురు కాఫీ తాగే బల్ల చాలు. ఆ చలికాలం తర్వాత ఆర్విడ్ షెడ్డుకి ఒక్క బండి రాలేదు. అంతకుముందు చలిలో చేతులు కొయ్యబారేలా ఎవరెవరి బండ్లు బాగుచేసిపెట్టాడో, వాళ్ళే చర్చిలో అతను కూర్చున్న బెంచీ వదిలి వెనక బెంచీకి జరిగారు. అతను కర్రలు కొట్టుకుని బతుకుతున్నాడు. ఆ బెల్టు తను సరిగానే వేశానని మనసు చెబుతుంది. అర్ధరాత్రి మెలకువ వస్తే మాత్రం ఆ మనసే, "నిజంగా బిగించావా?" అని అడుగుతుంది.

ఇవాళ మధ్యాహ్నం హౌటన్ పట్నంలో వెస్లీకి పరీక్ష ఉంది. మంచు తోసే లారీ నడిపే ఉద్యోగం. కుంటికాలితో నడపగలడో లేదో చూస్తారట.

"బావగారూ," అంది వెర్నా, అద్దం దించి. "మీ గేటు ముందే ఆగింది. నేనేం చెయ్యను?"

"ఆగిందా, ఆపావా?"

"ఇంజనుకి నా మాట వినే అలవాటుంటే ఎప్పుడో హౌటన్ చేరేవాళ్ళం."

ఆర్విడ్ తమ్ముడి వైపు చూశాడు. వెస్లీ అద్దం పైదాకా ఎత్తుకుని, ఎదురుగా ఉన్న మంచుగోడని, దాని మీద ఏదో రాసున్నట్టు చదువుతున్నాడు.

ముగ్గురూ కలిసి తొయ్యాల్సిన బండిని ఇద్దరే తోశారు. మూడోవాడు లోపల కూర్చుని బరువయ్యాడు. షెడ్డు ముందుకి చేరాక ఆర్విడ్ బానెట్ ఎత్తాడు. ఆవిరి పోయేదాకా ఆగి వంగి చూశాడు. బెల్టు తెగలేదుగానీ తెగడానికి సిద్ధంగా ఉంది. లోపలి అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. అడ్డంగా పగుళ్ళు. వేలితో నొక్కితే ఉయ్యాలలా ఊగింది.

తర్వాత అతని చూపు ఆల్టర్నేటర్ మీద పడింది. బ్యాటరీని నింపే ఆ గుండు ఒక బోల్టు మీద వేలాడుతూ ఉంటుంది. పైన వంపు తిరిగిన ఒక పట్టీ, ఆ పట్టీలో పొడుగాటి గాడి, గాడిలో ఇంకో బోల్టు. గుండుని బయటికి లాగి ఆ పై బోల్టు బిగిస్తే బెల్టు బిగుస్తుంది. సరైన బెల్టయితే ఆ బోల్టు గాడి మధ్యలో ఎక్కడో ఆగాలి. ఇక్కడ గాడి చివరికంటా వెళ్ళి, ఇంక పోవడానికి దారిలేక ఆనుకుని ఉంది.

"ఇది ఎవరు వేశారమ్మా?"

"తుఫాను తర్వాత బండిని లాక్కెళ్ళిన షాపువాళ్ళు. ఏం?"

"పొడుగు బెల్టు. ఎంత లాగినా బిగవదు. ఇన్నాళ్ళు నడిచిందంటే మీ అదృష్టం."

పక్క అద్దం ఒక అంగుళం కిందికి దిగింది. "వెర్నా, ఆ షాపువాళ్ళు కంపెనీ పుస్తకం చూసి వేశారని ఆయనకి చెప్పు."

"ఆయన ఇక్కడే ఉన్నారు. మీరే చెప్పండి."

"బెల్టుల సంగతి ఆయన నాకు నేర్పక్కర్లేదని కూడా చెప్పు."

"బావగారూ, నేర్పక్కర్లేదట."

"విన్నాను," అన్నాడు ఆర్విడ్. "ఈ బండిలో ఉన్నది పుస్తకంలో ఉన్న ఆల్టర్నేటర్ కాదని వాడికి చెప్పు. మంచులో అదనపు దీపాలు కావాలని తనే ప్రాణం తీస్తే, ఎక్కువ కరెంటు ఇస్తుందని పాత అంబులెన్సుది పీకి పెట్టాను. దాని పుల్లీ చక్రం చిన్నది. చిన్న పుల్లీకి పొట్టి బెల్టు. పుస్తకానికి ఈ సంగతి ఏం తెలుస్తుంది?"

అద్దం మళ్ళీ పైకెక్కింది.

ఆర్విడ్ షెడ్డులోంచి పురికొస తెచ్చాడు. ఉన్నిదారం సాగుతుంది, కొలతకి పనికిరాదు. పాత బెల్టు కోసి విప్పాడు. పై బోల్టు వదులుచేసి గుండుని బలవంతంగా గాడి మధ్యదాకా జరిపి, పురికొసని మూడు పుల్లీల గాడుల్లోనూ కూర్చోబెట్టి, చుట్టూ తిప్పి, రెండు కొసలు కలిసినచోట ముడేశాడు. రెండేళ్ళ కిందటి శరదృతువులో ఇదే బండికి, ఇదే పురికొసతో, ఇలాగే కొలిచాడు. అప్పుడు ఎక్కడైనా పొరపాటు జరిగిందా? ముడి జారిందా?

"ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. వాణ్ణి లోపల కూర్చోమను," అన్నాడు.

వెర్నా ఆ మాట మోసుకెళ్ళి జవాబు మోసుకొచ్చింది. "ఇక్కడే బావుందట. చలి తనకి అలవాటేనట."

ఆర్విడ్ పురికొసని మెళ్ళో వేసుకుని తన ట్రక్కు ఎక్కాడు.

*

గోర్డీ బోషాంప్ సామాన్ల కొట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు బల్లకి ఆనుకుని వాతావరణాన్ని తిడుతూ ఉంటారు. ఇవాళ ఎవరూ లేరు. ఆర్విడ్‌కి అది మేలే అయింది. ఊరంతా తనని వేలెత్తి చూపించిన దగ్గర్నుంచి అతను ఆ గుమ్మం తొక్కలేదు.

గోర్డీ తలెత్తి చూశాడు. "బతికే ఉన్నావురా నువ్వు. నీ సమాధికి పూలు పంపిద్దామా అనుకుంటున్నా."

"బెల్టు కావాలి."

"మెళ్ళో ఉన్నది తాళ్ళ కొట్లో దొరుకుతుంది."

"కొలతరా. వెస్లీ బండికి."

గోర్డీ మొహంలో ఎగతాళి పోయింది. "వెస్లీ నీ దగ్గరికొచ్చాడా?"

"బండి వచ్చింది. వాడు దాంట్లో కూర్చునున్నాడు. రెండూ ఒకటి కాదు."

గోర్డీ ఇంకేం అడగకుండా గోడకున్న కొయ్యమేకుల వైపు తిరిగి ఒక బెల్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఆర్విడ్ పురికొసని దాని లోపలి వైపు పరిచాడు. బెల్టు పొడుగు. వద్దన్నట్టు తలూపాడు. గోర్డీ దానికి రెండు మేకుల ఇవతల వేలాడుతున్నది తీశాడు. పురికొస దాంట్లో చుట్టూ అతికినట్టు కూర్చుంది. మందం చూశాడు, అదీ సరిపోయింది.

"ఇదే," అన్నాడు.

"ఇదేనని నాకు తెలుసు. నీకు ఆ ఏడాది ఇచ్చింది కూడా ఇదేగదా. మొదట తీసింది పుస్తకం ప్రకారం. వెర్నా పట్టుకెళ్ళిన రకం."

ఆర్విడ్ చెయ్యి బెల్టు మీదే ఆగింది. "వెర్నా ఎప్పుడు పట్టుకెళ్ళింది?"

"అదే ఏడాది. నువ్వు వేసినాక, నవంబర్లో జింకల వేట మొదలవకముందు. బానెట్ కింద అతికించిన కాగితం మీద నంబరు చదువుకొచ్చి అడిగింది. సీటు కింద ఒకటి ఉంచుకోవడానికనుకున్నా. ఈ ఊళ్ళో సీటు కింద స్పేరు బెల్టు లేని బండి ఉందా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడొచ్చావని? అదీకాక స్పేరు బెల్టు కొంటే అందులో చెప్పడానికేముంది?" గోర్డీ గొంతు తగ్గింది. "ఏరా, అది స్పేరు కాదంటావా?"

ఆర్విడ్ డబ్బు బల్ల మీద పెట్టి, చిల్లర తీసుకోకుండానే బయటికొచ్చేశాడు. ట్రక్కులో కూర్చుని బెల్టుని ఒళ్ళో పెట్టుకున్నాడు. తను వేసిన బెల్టు తెగితే, అది తన తప్పు. తను వేసిందాన్ని తీసేసి ఇంకొకటి వేసి ఉంటే? ఆ ఆలోచన మీద పూర్తి బరువు మోపడానికి భయమేసింది, ఏప్రిల్ నెలలో కరుగుతున్న చెరువు మంచు మీద అడుగేసినట్టు.

*

షెడ్డు ముందు వెర్నా కాళ్ళు తాటిస్తూ నిలబడి ఉంది. వెస్లీ కదల్లేదు. కాకపోతే కిటికీ అద్దం బెత్తెడు దిగి ఉంది. సిగరెట్టు పొగ కోసం.

బెల్టు ఎక్కాలంటే ఆల్టర్నేటర్ పూర్తిగా లోపలికి వాలాలి, దానికి కింది బోల్టు కూడా వదులు చెయ్యాలి. ఆ బండిలో అది పైనుంచి చేతికి అందదు. ఆర్విడ్ మంచు మీద ఒక పాత అట్ట పరిచి, పానా పట్టుకుని, వెల్లకిలా కారు కిందికి జారాడు. మనిషి మొహం కనపడకుండా మాట్లాడటానికి అంతకంటే మంచి చోటు లేదు.

"వెర్నా," అన్నాడు కిందనుంచి. "నేను వేసిన బెల్టు ఎవరు తీశారు?"

అట్ట పక్కన ఆమె బూట్లు ఆగిపోయాయి.

"గోర్డీ చెప్పాడా?"

"నువ్వు కొన్నావని చెప్పాడు. ఎందుకు కొన్నావో నువ్వే చెప్పాలి."

"నేనే వేశాను బావగారూ. మీరు వేసిన బెల్టు మీద నంబరు, కాగితం మీద నంబరు ఒకటి కాలేదు. చేతికందింది తగిలించి పంపారనుకున్నాను. కాగితంలో ఉన్నదే తెచ్చి వేశాను. తర్వాత ఆయన కాలు... అప్పటికే ఆయన మీ పేరు చెప్పేశారు. నేను నోరు మూసుకున్నాను. నన్ను ఏమైనా అనండి."

"ఈ కింది బోల్టు ఎలా వదులు చేశావు?"

"ఎలా ఏముంది? పైనుంచే. పానా పెట్టి."

ఆర్విడ్ తన మొహం మీద రెండు బెత్తల ఎత్తున ఉన్న ఆ బోల్టుని చూశాడు.

తలుపు తీసిన చప్పుడైంది. బండి ఒక పక్కకి లేచి మళ్ళీ సర్దుకుంది. అతని చెవి పక్కనే మంచులో కుడిబూటు దిగింది. తర్వాత ఎడమబూటు. దాని ముందుభాగం లోపల ఏమీ లేక పైకి ముడుచుకుపోయి ఉంది.

"ఆ బోల్టు పైనుంచి ఊడదు వెర్నా," అన్నాడు వెస్లీ. "అబద్ధం చెప్పడానికైనా కాస్త పని తెలిసుండాలి."

"మీరు కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను ఇన్నాళ్ళూ." బూట్లు అటూ ఇటూ కదిలాయి. "బెల్టు తెచ్చింది వెర్నా. నంబర్లు కలవలేదని నేను పంపితే తెచ్చింది. వేసింది నేను. నువ్వు పడుకున్నట్టే పడుకుని, ఆ బోల్టు తిప్పి, నీ బెల్టు తీసి పొదల్లోకి విసిరేశా. కొత్తది వదులుగా ఉందని అప్పుడే తెలుసు. ఇంకాస్త లాగితే సరిపోతుందిలే అనుకున్నా. ఇంకాస్త లాగడానికి గాడి లేదు."

వెస్లీ కారు తలుపు మీద తట్టాడు.

"అన్నయ్యా, విన్నావా?"

ఆ పిలుపు ఆ పెరట్లో వినపడి రెండు చలికాలాలైంది. ఆర్విడ్ వెల్లకిలా పడుకునే ఉన్నాడు. వీపుకింద అట్ట తడిసి చల్లదనం చొక్కాలోకి పాకుతోంది. అతనికి అది తెలియలేదు. కోపం వస్తుందనుకున్నాడు. వస్తే ఏమేం అనాలో రెండేళ్ళుగా కర్రలు కొడుతూ కూర్చి పెట్టుకున్నాడు కూడా. తీరా చూస్తే కోపం రాలేదు. పక్కటెముకల మధ్య ఎక్కడో ఇరుక్కుపోయిన చేప ముల్లు తనంతట తను ఊడి పడినట్టయింది. బిగించాను. నేను సరిగ్గానే బిగించాను. ముడి జారలేదు, కొలత తప్పలేదు, తమ్ముడి కాలు నా చేతిమీదుగా పోలేదు. గాలి లోపలికంటా పీల్చుకున్నాడు. గ్రీజు వాసన, మంచు వాసన. రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎక్కడనుంచో నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూస్తే కడుపు ఎగిరి నుదురు సైలెన్సరు గొట్టానికి కొట్టుకుంది.

"ఏడుస్తున్నారా?" అంది వెర్నా కంగారుగా.

"నవ్వుతున్నాడు," అన్నాడు వెస్లీ. "చిన్నప్పుడు కూడా ఇంతే. నాన్న కొడుతుంటే నవ్వేవాడు, ఆయనకి ఇంకా ఒళ్ళు మండేది."

"ఒరేయ్," అన్నాడు ఆర్విడ్ కిందనుంచి, గొంతు సవరించుకుంటూ. "పరీక్ష ఎన్నింటికిరా?"

"మూడింటికి."

"అయితే ఆ చేతులు జేబుల్లోంచి తియ్యి. గొడ్డలి కర్ర షెడ్డు తలుపు వెనకాల ఉంటుంది. తీసుకురా. వెర్నా, నువ్వెళ్ళి కాఫీ పెట్టమ్మా. గంగాళంలో పెట్టు."

*

ముందు ఫ్యాను దాటించి కింది పుల్లీకి, తర్వాత నీళ్ళ పంపుకి, ఆఖర్న ఆల్టర్నేటర్‌కి. కొత్త బెల్టు మూడు గాడుల్లోనూ అంచు సమానంగా కూర్చుంది. వెస్లీ గొడ్డలి కర్రని ఇంజనుకీ గుండుకీ మధ్య దూర్చాడు.

"వెనకవైపు పెట్టకురా, పల్చటి రేకు, పగుల్తుంది. ముందు, లావుగా ఉన్నచోట. ఆఁ. ఇప్పుడు లాగు. చాలు. చాలన్నానా. అక్కడే పట్టుకో."

వెస్లీ కర్ర మీద వాలి పట్టుకున్నాడు. ఆర్విడ్ పై బోల్టు బిగించాడు. అది గాడి మధ్యలో, ఉండాల్సినచోట ఆగింది. బొటనవేలితో బెల్టు మధ్య నొక్కి చూశాడు. అరంగుళం దిగి నిలిచింది. తమ్ముడి బొటనవేలు పట్టుకుని అక్కడ పెట్టాడు.

"చూడు. ఇదీ బిగువు."

"తెలుసు."

"తెలిసేడిస్తే ఇంత దూరం వచ్చేదా?"

వెస్లీ నవ్వలేదుగానీ మూతి ఒక పక్కకి వెళ్ళింది. ఇంజను చల్లారిందని చూసుకుని రేడియేటర్‌లో నీళ్ళు నింపారు. ఆర్విడ్ తలుపులోంచి వంగి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. కీచుమనే అరుపు లేదు. డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్రదీపం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఇద్దరూ ఆ ఆరిపోయినచోటునే కాసేపు చూస్తూ నిలబడ్డారు, వెలిగినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ కనబడుతున్నట్టు.

"కొత్త బెల్టు సాగుతుంది," అన్నాడు ఆర్విడ్. "ఓ పావుగంట తిరగనిచ్చి మళ్ళీ బిగిస్తాను. తర్వాత వెళ్దురు."

పావుగంట ఇద్దరు మగాళ్ళకి చాలా పెద్ద సమయం. ఆర్విడ్ గుడ్డతో పానాలు తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. చివరికి అడిగాడు.

"నేనే వేశానని ఊరికి చెప్పావు సరే. నొప్పిలో ఉన్నావు, తప్పు మొయ్యడానికి ఎవడో ఒకడు కావాలి. అది అర్థమవుతుంది. తర్వాతయినా చెప్పొచ్చుగదరా. నా షెడ్డు మూతపడింది. నువ్వు చూస్తూనే ఉన్నావు."

వెస్లీ బెల్టు తిరగడం చూస్తున్నాడు. "ఊరు బెల్టు గురించి మాట్లాడుకుంటున్నంతకాలం, ఇంకో సంగతి ఎవరూ అడగరు."

"ఏ సంగతి?"

"ఆ తుఫానులో లాన్స్ దారిలో నాకేం పని అని."

"రంపపు సామాను తెమ్మని మిల్లువాళ్ళు పంపారుగదా."

"మిల్లువాళ్ళు ఎవరూ పంపలేదన్నయ్యా." ఇంజను చప్పుడులో ఆ మాట దాదాపు కలిసిపోయింది. "కారులో నేనొక్కణ్ణే లేను. కారాగినాక కాసేపటికి కర్రల లారీ ఒకటి వచ్చింది. దాంట్లో ఒక్కరికే చోటుంది. ఆవిణ్ణి ఎక్కించి పంపేశాను. నేను నడవడం మొదలుపెట్టింది ఆ తర్వాత."

ఆర్విడ్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇంతసేపూ ఎంత తేలిగ్గా ఉందో ఆ ఛాతీలో, అక్కడే మళ్ళీ ఎవరో తెచ్చి ఏదో దించినట్టయింది. ఈ రహస్యం తనది కాదు. అయినా ఇప్పుడు తన చేతిలో ఉంది.

"ఎవర్రా?" అన్నాడు, గొంతు తగ్గించి. "వెర్నాకి తెలుసా?"

వెస్లీ తల అడ్డంగా ఊపాడు.

అప్పుడే ఎత్తిన బానెట్ అవతలినుంచి మూడు కప్పుల పళ్ళెం, పక్కన ఏలకుల రొట్టె, బండి రెక్క మీదికి మెల్లగా వచ్చి దిగాయి. ఒక్క చుక్క తొణకలేదు. వెర్నా ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. ఆమె ముందు బావగారి కప్పులో చక్కెర వేసింది, తర్వాత మొగుడి కప్పులో వేసింది, చెంచా తిప్పింది.

"చల్లారిపోతుంది, తీసుకోండి," అంది. "ఆవిడ పేరు ఆయన చెప్పలేకపోతే పరవాలేదు బావగారూ. నేను చెబుతాను."